ఒక్కో డిలేకి ఎన్ని కిలోలు? క్వారీ బ్లాస్టింగ్‌పై పాఠకుల ప్రశ్నలు

పల్నాడు సున్నపురాయి గనుల్లో 34 ఏళ్లు బ్లాస్టింగ్ చూసుకున్నాను. ఈ శీర్షికకు గని ఉద్యోగులే ఎక్కువగా రాస్తారనుకున్నాను. కానీ వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా క్వారీల పక్క ఊళ్లవే. అందుకే ఈసారి ముందు వాళ్లకే జవాబు చెబుతున్నాను.

ప్రశ్న: మా ఇల్లు క్వారీకి 350 మీటర్ల దూరంలో ఉంది. బ్లాస్టింగ్ జరిగినప్పుడల్లా వంటింట్లో గిన్నెలు గలగలమంటాయి. పడగ్గది గోడకు రెండు బీటలు కూడా వచ్చాయి. అడిగితే "600 కిలోలే వాడుతున్నాం, పర్మిషన్ ఉంది" అంటున్నారు. 600 కిలోలంటే ఎక్కువా, తక్కువా?
– ఒక గృహిణి, పిడుగురాళ్ల దగ్గర పల్లె

అమ్మా, ఆ ఒక్క అంకెతో ఎవరూ ఏమీ తేల్చలేరు. మీరు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది: "ఒక్కో డిలేకి ఎన్ని కిలోలు?"

బ్లాస్టింగ్‌లో హోల్స్, అంటే రాతిలో డ్రిల్లు చేసి మందు నింపిన రంధ్రాలు, అన్నీ ఒకేసారి పేలవు. ఒకదాని తర్వాత ఒకటి 17, 25, 42 మిల్లీసెకన్ల తేడాతో పేలేలా కనెక్షన్ ఇస్తారు. ఈ తేడానే డిలే అంటాం. చెవికి ఒకటే శబ్దంలా వినిపిస్తుంది కానీ నేలకు అది చిన్న చిన్న దెబ్బలుగా చేరుతుంది. 8 మిల్లీసెకన్ల లోపు పేలిన మందునంతా కలిపి ఒకే దెబ్బగా, అంటే ఒకే డిలేగా లెక్కిస్తాం. ఆ దెబ్బలో ఉన్న మందే మీ గోడను కదిలించేది.

లెక్క ఇలా ఉంటుంది. డిలేకి వాడిన కిలోలకు వర్గమూలం తీసి, మీ ఇంటి దూరాన్ని దానితో భాగించాలి. డిలేకి 30 కిలోలు అనుకుందాం. 30కి వర్గమూలం సుమారు 5.5. 350ని దానితో భాగిస్తే 64 వస్తుంది. దీన్ని స్కేల్డ్ డిస్టెన్స్ అంటాం. ఇది పెద్దదైన కొద్దీ మీకు మంచిది. అదే 600 కిలోలూ ఒక్కసారే పేలితే వర్గమూలం 24.5, స్కేల్డ్ డిస్టెన్స్ 14కి పడిపోతుంది.

అదురు ఎంత వస్తుందో అంచనా వేయడానికి ఒక సూత్రం ఉంది. స్కేల్డ్ డిస్టెన్స్‌ను 1.6 ఘాతానికి పెంచి, దానితో 1140ని భాగించాలి. మొదటి లెక్కలో మీ ఇంటి పునాది దగ్గర నేల కదలిక వేగం సెకనుకు 1.5 మిల్లీమీటర్లు. రెండో లెక్కలో 16. మందు అదే, దూరం అదే, తేడా మాత్రం పది రెట్లకు పైగా. రాయిని బట్టి, నేలను బట్టి 1140, 1.6 అనే అంకెలు మారతాయి కాబట్టి ఇది అంచనాయే. అసలు సంగతి మీ గుమ్మం దగ్గర సీస్మోగ్రాఫ్ పెట్టి కొలిస్తేనే తేలుతుంది.

హద్దు ఎంత అంటారా? గనుల భద్రత చూసే డీజీఎంఎస్ 1997లో ఇచ్చిన 7వ నంబరు టెక్నికల్ సర్క్యులర్‌లో ఉంది. క్వారీ యజమానివి కాని మామూలు ఇళ్లకు, అదురు 8 హెర్ట్‌జ్ (సెకనుకు 8 ఊపులు) కంటే తక్కువ ఉంటే నేల కదలిక వేగం సెకనుకు 5 మిల్లీమీటర్లు, 8 నుంచి 25 మధ్య అయితే 10, ఆపైన 15. పాత గుళ్లు, చారిత్రక కట్టడాలకు ఇవే 2, 5, 10. నెమ్మదిగా ఊపే అదురుకు హద్దు ఎందుకు తగ్గించారంటే, ఒకటి రెండు అంతస్తుల ఇళ్లు సహజంగా ఊగే వేగం ఆ పరిధిలోనే ఉంటుంది. ఉయ్యాలను దాని ఊపుతో పాటే తోస్తే ఎక్కువ ఎత్తుకు పోతుంది కదా, అలాగ.

ఇప్పుడు మీకు నచ్చకపోయినా చెప్పాల్సిన మాట ఒకటుంది. గిన్నెలు గలగలమన్నంత మాత్రాన గోడ బీటలు బ్లాస్టింగ్ వల్లే అనుకోలేం. సెకనుకు అర మిల్లీమీటరు అదురును కూడా మనిషి ఒళ్లు పసిగడుతుంది. గిన్నెలు, కిటికీలు చాలాసార్లు పేలుడుతో పుట్టే గాలి దెబ్బకు అదురుతాయి. మబ్బు పట్టిన రోజున, చలికాలం పొద్దున్నే ఆ శబ్దం మరీ దూరం పోతుంది. పైగా మన పల్నాటి నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంది. క్వారీలు లేని ఊళ్లలో కూడా పునాది సరిగా లేని ఇళ్లు బీటలు వారడం నేను చూశాను.

అందుకని ముందు సాక్ష్యం సిద్ధం చేసుకోండి. బీటకు అడ్డంగా సన్నని గాజు పట్టీని ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అతికించి తేదీ రాయండి. బీట కొసలో పెన్సిల్‌తో గీత పెట్టండి. పక్కన స్కేలు ఉంచి ఫొటో తీయండి. బ్లాస్టింగ్ జరిగిన తేదీ, టైమ్ ఒక నోటుబుక్‌లో రాసుకోండి. బ్లాస్టింగ్ జరిగిన రోజే గాజు పగిలిందంటే మీ మాటకు బలం వస్తుంది. వానలు తగ్గాక పగిలిందంటే మేస్త్రీని పిలవాలి.

ఇంకొకటి, చాలా ముఖ్యం. గనుల్లో బ్లాస్టింగ్ డేంజర్ జోన్ 500 మీటర్లు. మీ ఇల్లు అందులోనే ఉంది. ఆ హద్దు లోపల బయటివాళ్ల ఇళ్లుంటే డీజీఎంఎస్ అనుమతి, దానికి షరతులు విడిగా ఉండాలి. "పర్మిషన్ ఉంది" అన్న మాటతో సరిపెట్టుకోకండి. ఆ కాగితం చూపించమనండి. డిలేకి గరిష్ఠంగా ఎన్ని కిలోలు వాడమన్నారో చూడండి. క్వారీ ఊరివైపు జరుగుతోందా అన్నది కూడా గమనించండి. 350 మీటర్లు 200 అయితే, ఇప్పుడున్న అదురే ఉండాలంటే డిలేకి 30 కిలోలను 10కి దించాలి. దించారా అని అడిగే హక్కు మీకుంది. చూపించకపోతే హైదరాబాద్‌లోని డీజీఎంఎస్ కార్యాలయానికి, జిల్లా గనుల శాఖకు మీ నోటుబుక్ కాపీతో సహా రాయండి.

ప్రశ్న: మా పొలంలో బావి లోతు చేయిస్తున్నాం. పనివాళ్లు మిగిలిన రెండు పెట్టెల తూటాలు, ఒక కేపుల డబ్బా మా మోటారు గదిలో పెట్టి తాళం వేయమంటున్నారు. వారమే కదా అని నాన్న ఒప్పుకున్నారు. ఏమైనా ప్రమాదమా?
– డిగ్రీ విద్యార్థి, కనిగిరి ప్రాంతం

బాబూ, నీ ఉత్తరం చదవగానే టెన్షన్ పట్టలేక నువ్విచ్చిన నంబరుకు ఫోన్ చేశాను. పెట్టెలు అదే సాయంత్రం వెనక్కి పంపించేశామని నాన్నగారు చెప్పాక గానీ నాకు అన్నం సయించలేదు. ఇలాంటి ఇబ్బంది ఇంకెందరికో వస్తుంది కనుక ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

తూటాలంటే ఇక్కడ పేలుడు మందు కడ్డీలు. ఒక పెట్టె 25 కిలోలు. రెండు కలిస్తే 50. వాటి పక్కనే కేపులు, అంటే డిటొనేటర్లు. తూటా ఒక్కటే ఉంటే మామూలు దెబ్బకు అంత తేలిగ్గా పేలదు. కేపు మాత్రం దెబ్బకు, వేడికి, చిన్న నిప్పురవ్వకు పేలుతుంది, పక్కనున్న తూటాలను పేలుస్తుంది. అందుకే ఈ రెండూ ఎప్పుడూ ఒకే గదిలో ఉండకూడదు. మోటారు గదిలో స్టార్టర్ ఉంటుంది, నొక్కినప్పుడల్లా అందులో రవ్వలు లేస్తాయి. అంతకంటే చెడ్డ చోటు నాకు తట్టడం లేదు.

2015 సెప్టెంబరు 12న మధ్యప్రదేశ్‌లోని పేట్లావద్‌లో బస్టాండు దగ్గరి ఒక భవనంలో దాచిన జిలెటిన్ స్టిక్స్ పేలి 70 మందికి పైగా చనిపోయారు. పొద్దున టిఫిన్ తింటున్నవాళ్లు, బస్సు కోసం నిలబడ్డవాళ్లు వాళ్లు. 2021 మే 8న మన కడప జిల్లా మామిళ్లపల్లెలో గని దగ్గర పేలుడు పదార్థాలు వాహనం నుంచి దింపుతుండగా పేలి కూలీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఎవరూ పేల్చాలని పేల్చలేదు. ఒకచోట దాచారు, ఇంకోచోట దింపుతున్నారు, అంతే.

మందు నిల్వకు దూరం లెక్క వేరు. బ్లాస్టింగ్‌కు వర్గమూలం, నిల్వకు ఘనమూలం. చాలా దేశాల్లో వాడే సూత్రం ప్రకారం కిలోల ఘనమూలాన్ని 22.2తో గుణిస్తే, జనం ఉండే ఇంటికి కావాల్సిన దూరం మీటర్లలో వస్తుంది. 1,000 కిలోలకు 222 మీటర్లు. 8,000 కిలోలకు 444. మందు ఎనిమిది రెట్లు పెరిగితే దూరం రెండు రెట్లే పెరిగింది. దీన్ని తిరగేసి చూస్తేనే అసలు భయం తెలుస్తుంది. మందును ఎనిమిదో వంతుకు తగ్గించినా దూరం సగానికే తగ్గుతుంది. "కొంచెమే కదా" అన్న మాట ఇక్కడే మనల్ని మోసం చేస్తుంది. మీ 50 కిలోలకు ఈ సూత్రం 82 మీటర్లు చూపిస్తుంది. అదీ గాలి ఒత్తిడికి మాత్రమే. ఇటుక ముక్కలు, రేకులు అంతకంటే చాలా దూరం ఎగురుతాయి, అందుకే చిన్న మొత్తాలకు కూడా వందల మీటర్ల కనీస దూరం పెడతారు. మన దేశంలో ఏ నిల్వకు ఎంత దూరమో 2008 పేలుడు పదార్థాల నిబంధనల పట్టికల్లో ఉంది. లైసెన్సు ఇచ్చేటప్పుడు పెసో, అంటే పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ, అధికారులు చూసేది అదే. వాళ్ల ప్రధాన కార్యాలయం నాగపూర్‌లో ఉంది.

మా మ్యాగజైన్, అంటే మందు నిల్వ చేసే గది, ఊరికి దూరంగా, చుట్టూ మట్టికట్టతో ఉండేది. తలుపుకు రెండు తాళాలు, ఒక్కో తాళం చెవి ఒక్కొక్కరి దగ్గర. కేపుల గది విడిగా. పిడుగు దెబ్బ తగలకుండా పెట్టిన కండక్టర్‌ను ఏటా టెస్ట్ చేయించేవాళ్లం. కంచె లోపల ఎండు గడ్డి పరక కూడా ఉండనిచ్చేవాళ్లం కాదు. ముందొచ్చిన పెట్టె ముందు వాడాలి, సాయంత్రం మిగిలింది లెక్కపెట్టి రిజిస్టరులో రాయాలి. ఒకరోజు ఒక్క కేపు తక్కువొచ్చింది. రాత్రి తొమ్మిదిన్నర దాకా గనిలో మెట్టులా తవ్విన బెంచి మీద టార్చిలైట్లతో నలుగురం వెతికితే ఖాళీ అట్టపెట్టె మడతలో దొరికింది. ఆ ఒక్కదాని కోసం ఇంత హైరానా దేనికని కొత్తగా చేరిన కుర్రాడు అడిగాడు. దానికి జవాబు కింద ఉత్తరంలో ఉంది.

మీ దగ్గరికి పనికి వచ్చేవాళ్లను రెండు అడగండి. షాట్‌ఫైరర్ (మందు పేల్చేవాడి) సర్టిఫికెట్ ఎవరిది, మిగిలిన మందు సాయంత్రం ఏ లైసెన్సు ఉన్న మ్యాగజైన్‌కు వెళ్తుంది? ఈ రెండింటికీ జవాబు లేకపోతే బావి పని ఆపేయండి. మీ గదిలో దొరికితే కేసు మీ మీద కూడా పడుతుంది.

ప్రశ్న: పాత క్వారీ గుంటల దగ్గర మా బడి పిల్లలకు వెండిరంగు సన్నని గొట్టాలు దొరుకుతున్నాయి. పెన్ను రీఫిల్ కంటే కాస్త లావు. ఒక పిల్లవాడు తన కంపాస్ బాక్సులో పెట్టుకున్నాడు. ఏమిటవి?
– ఒక ఉపాధ్యాయిని, ప్రకాశం జిల్లా

అవి డిటొనేటర్లే అనుకోండి అమ్మా. పేలినవా, పేలనివా అని చూడడానికి కూడా ఎవరూ పట్టుకోకూడదు. బాక్సును ఉన్నచోటే వదిలి పిల్లల్ని దూరంగా తీసుకెళ్లి 112కు ఫోన్ చేయండి. పోలీసులు బాంబ్ డిస్పోజల్ బృందాన్ని పిలుస్తారు. నీళ్లలో వేయడం, పూడ్చడం, మంటలో వేయడం, ఏదీ వద్దు.

ఉద్యోగంలో చేరిన నాలుగో ఏడు, గనికి పక్క ఊళ్లో పదేళ్ల బాబు ఇలాంటి గొట్టాన్ని రాయితో కొట్టాడు. కుడిచేతి మూడు వేళ్లు పోయాయి. ఆస్పత్రికి జీపు నేనే నడిపాను. వాళ్లమ్మ దారంతా ఆ చేతిని తన చీరకొంగులో చుట్టి పట్టుకునే ఉంది. ఆ కేపు ఏ పని దగ్గర మిగిలిందో ఎవరూ తేల్చలేదు. రాత్రి తొమ్మిదిన్నర దాకా ఎందుకు వెతికామో ఆ కుర్రాడికి నేను చెప్పిన జవాబు ఇదే.

పాత ఇళ్ల అటకల మీద తాతల కాలం నాటి తూటాలు దొరికినా ఇదే పద్ధతి. 2004 ఏప్రిల్‌కు ముందు నైట్రోగ్లిజరిన్ తూటాలు కూడా వాడేవాళ్లు, తర్వాత నిషేధించారు. అవి పాతబడితే పైన చెమట పట్టినట్టు జిడ్డు కారుతుంది. ఆ జిడ్డే నైట్రోగ్లిజరిన్, కదిపితే చాలు పేలవచ్చు.

ప్రశ్న: క్వారీ రాళ్లు మా మిరప తోటలో పడుతున్నాయి. మందు ఎక్కువ వేయడం వల్లేనా?
– ఒక రైతు, మాచర్ల వైపు

మందు ఎక్కువైనా ఎగురుతాయి, కానీ నేను ఎక్కువగా చూసిన కారణం హోల్‌లో మందు పైన కూరే దుమ్ము, కంకర, అంటే స్టెమ్మింగ్ సరిపోకపోవడం. హోల్‌కూ, ముందు తెరిచి ఉన్న రాతి ముఖానికీ మధ్య రాయి మందం 3 మీటర్లయితే, హోల్ పైభాగంలో కనీసం 2.1 మీటర్ల నుంచి 3 మీటర్ల దాకా కూరాలి. డ్రిల్లింగ్ దుమ్ము కంటే చిన్న కంకర చిప్స్ బాగా పట్టుకుంటాయి. దూరం నుంచే మీరొకటి గమనించవచ్చు. పేలినప్పుడు రాతి ముఖం ముందుకు ఒరగకుండా, హోల్స్ నోళ్లలోంచి దుమ్ము నిటారుగా చిమ్ముతోందంటే కూరింది చాలలేదు. ఫోన్‌లో వీడియో తీయండి, 500 మీటర్ల అవతల నుంచే. పడ్డ రాళ్ల ఫొటోలతో ఫిర్యాదు చేస్తే ఆ వీడియో చూసిన ఇన్‌స్పెక్టర్‌కు వేరే వివరణ అక్కర్లేదు.

ప్రశ్న: మిస్‌ఫైర్ అయితే, అంటే మందు పేలకపోతే, ఎంతసేపు ఆగాలి? మా క్వారీలో పది నిమిషాలు అంటారు.
– మైనింగ్ డిప్లొమా ట్రైనీ

తమ్ముడూ, 1961 నాటి మెటాలిఫెరస్ మైన్స్ రెగ్యులేషన్స్‌లో వత్తితో కాలిస్తే 30 నిమిషాలు, కరెంటుతో కాలిస్తే 5 నిమిషాలు అని రాశారు. 2025 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో ఎలక్ట్రిక్ డిటొనేటర్లను నిషేధించారు కాబట్టి ఆ 5 నిమిషాల లెక్కను పట్టుకుని ముందుకెళ్లకు. నేను దేనికైనా అరగంట పెట్టుకున్నాను, ఎవరు తొందరపెట్టినా దించలేదు. తర్వాత కూడా ముందు ఒక్కరే వెళ్లి చూడాలి. పేలని హోల్‌లో ఇనుప కడ్డీ పెట్టి గీకకూడదు, పాత హోల్ అడుగున మిగిలిన సాకెట్‌లో మళ్లీ డ్రిల్లు దించకూడదు. షిఫ్టు మారుతుంటే, వచ్చేవాడికి ఆ హోల్‌ను చేత్తో చూపించి, రిజిస్టరులో సంతకం తీసుకున్నాకే ఇంటికి బయలుదేరు.