కడుపు నిండినా చెయ్యి ఆగట్లేదు

ఈ పక్షం వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే గోడు. బరువు తగ్గుదామని మొదలుపెట్టడం, ఆకలికి లొంగిపోవడం, తర్వాత కూర్చుని తమని తాము తిట్టుకోవడం. అన్నీ ఒకే ఆకలి కాదు కనుక జవాబులూ వేర్వేరుగా ఇస్తున్నాం.

ప్రశ్న: నా వయసు 36. ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బరువు 76 కిలోలు. వాట్సాప్‌లో వచ్చిన డైట్ చార్టు పాటిస్తున్నాను. పొద్దున అరకప్పు ఓట్స్ నీళ్లలో ఉడికించి, మధ్యాహ్నం ఒక పుల్కా, కూర, కీరా ముక్కలు, రాత్రి కూరగాయల సూపు, బొప్పాయి. రెండు వారాల్లో మూడు కిలోలు తగ్గాను. మూడో వారం నుంచి సాయంత్రం నాలుగున్నర అయ్యేసరికి తలనొప్పి, చిరాకు. పిల్లల కోసం చేసిన జంతికల డబ్బా దగ్గర నిలబడి సగం ఖాళీ చేస్తున్నాను. నోరు కట్టుకోవడం నాకు చేతకాదా?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: తప్పు మీ నోటిది కాదు, చార్టుది. సాయంత్రం నాలుగున్నర దాకా మీరు తిన్నదంతా కలిపితే 400 క్యాలరీలు దాటదు. ప్రొటీన్ 12 గ్రాముల లోపే. రాత్రి సూపు, బొప్పాయి కలిపినా రోజు మొత్తానికి 600 చిల్లర. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులు స్వచ్ఛందంగా ముందుకొచ్చి, ఆరు నెలల పాటు రోజుకి సుమారు 1570 క్యాలరీల మీద ఉన్నారు. కొన్నాళ్లకే వాళ్లకి తిండి తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది. కొందరు వంటల పుస్తకాలు పోగేసుకుని చదువుకుంటూ కూర్చున్నారు. మీరు అందులో సగం కూడా తినడం లేదు. జంతికల డబ్బా కనపడగానే చెయ్యి వెళ్లకపోతేనే ఆశ్చర్యం.

రెండు వారాల్లో పోయిన మూడు కిలోల్లోనూ చాలా భాగం నీరే. ఒంట్లో నిల్వ ఉన్న పిండిపదార్థం ఖర్చవుతుంటే దాంతోపాటు పట్టి ఉన్న నీరూ పోతుంది. అందుకే మొదట్లో తూకం సంబరపెట్టి, మూడో వారంలో మొండికేస్తుంది.

మీకు రోజుకి 1400–1500 క్యాలరీలు, 60–65 గ్రాముల ప్రొటీన్ కావాలి. వారానికి అరకిలో లోపు తగ్గుతారు, అది చాలు. దీన్ని మన వంటింట్లోకి తెస్తే ఇలా ఉంటుంది.

పొద్దున 60 గ్రాముల పెసలు నానబెట్టి రుబ్బి రెండు పెసరట్లు, అట్టుకి ఒక టీస్పూన్ నూనె. పక్కన ఉడికించిన గుడ్డు ఒకటి. ప్రొటీన్ 20 గ్రాములు వచ్చేస్తుంది. అదే మూడు ఇడ్లీలైతే ఆరు గ్రాములే, పదకొండుకల్లా మళ్లీ ఆకలి. (ఉత్త పెసరట్టు అండీ. లోపల ఉప్మా పెడితే లెక్క మారిపోతుంది.) మధ్యాహ్నం ఒక కప్పు అన్నం, అంటే వండాక 150 గ్రాములు. ముద్దగా వండిన పప్పు, 200 గ్రాముల బీరకాయో సొరకాయో దొండకాయో కూర, 150 గ్రాముల పెరుగు. నాలుగింటికి, ఆకలి వేయకముందే, 30 గ్రాముల శనగలు నానబెట్టి ఉడికించినవి, లేదా 25 గ్రాముల పల్లీలు ఉడకబెట్టినవి, ఒక గ్లాసు మజ్జిగతో. రాత్రి రెండు పుల్కాలు, 100 గ్రాముల చేపో చికెనో. శాకాహారులైతే 30 గ్రాముల మీల్‌మేకర్.

ఎక్కువమంది పొరపాటు పడేది పప్పు దగ్గరే. "రోజూ పప్పు తింటున్నామండీ" అంటారు. చూస్తే గిన్నెలో ఉన్నది పప్పుచారు, నలుగురికి కలిపి గుప్పెడు కందిపప్పు. మీ ఒక్కరి వాటాకి 40 గ్రాముల పచ్చిపప్పు పడాలి, అంటే మూడు పెద్ద చెంచాలు. దాంట్లో ఎనిమిదిన్నర గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. చారు, రసం కడుపుని వేడిగా ఉంచుతాయే తప్ప ఆకలిని ఆపలేవు. వారం రోజులు మీ వాటా విడిగా కొలిచి వండుకోండి, తర్వాత కంటికే అందాజా తెలుస్తుంది. నూనె కూడా అంతే. సీసా వంచి పోసే పోపులో ఎంత పడుతుందో ఎవరికీ తెలియదు. రోజుకి మీ వాటా నాలుగు టీస్పూన్లు, చెంచాతోనే వేయండి. ఒక్కో టీస్పూన్ 45 క్యాలరీలు.

తినేటప్పుడు ముందు కూర, పప్పు సగం తిన్నాక అన్నం కలుపుకోండి. శనగలు, పెసలు అలవాటు లేకపోతే మొదటి వారం సగం కొలతతో మొదలుపెట్టండి, లేకపోతే కడుపు ఉబ్బరించి మొత్తం మానేస్తారు. నెలసరికి ముందు వారంలో ఆకలి పెరగడం చాలామందిలో మామూలే. ఆ రోజుల్లో ఇంకో గుడ్డో, కప్పు పెరుగో కలుపుకోండి.

ఇంకో సంగతి. బరువు తగ్గాక ఆకలి దానంతటదే సర్దుకుంటుందని అనుకోకండి. 2011లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, పది వారాలు బాగా తక్కువ క్యాలరీలు తిని తగ్గినవారిలో ఏడాది తర్వాత కూడా ఆకలిని నియంత్రించే హార్మోన్లు పాత స్థాయికి రాలేదు. కాబట్టి వచ్చే ఏడాది కూడా తినగలిగే తిండితోనే తగ్గాలి.

ప్రశ్న: సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, 31 ఏళ్లు. అమెరికా టీమ్‌తో కాల్స్ రాత్రి పదకొండున్నర దాకా. ఎనిమిదింటికే కడుపునిండా భోంచేస్తాను. ల్యాప్‌టాప్ మూయగానే కాళ్లు వంటింట్లోకి వెళ్తాయి. మిక్చర్, చేగోడీలు, బిస్కెట్లు. కాల్ బాగా జరిగినా తింటాను, మేనేజర్ అరిచినా తింటాను. ఆకలి కాదని నాకే తెలుసు. ఆపడం ఎలా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ముందు నిజంగా ఆకలి కాదో తేల్చుకోండి. భోజనమై మూడున్నర గంటలైంది, కొంత ఆకలి ఉండే వీలుంది. ఆ సమయంలో "ఒక ఉడికించిన గుడ్డు, లేదా కాస్త పెరుగన్నం ఉంది, తింటావా?" అని మిమ్మల్ని మీరే అడగండి. తింటానంటే అది కడుపు ఆకలి, తినేయండి. "వద్దు, మిక్చరే కావాలి" అంటే అది మనసు ఆకలి. కడుపు ఆకలి మెల్లగా పెరుగుతుంది, ఏది పెట్టినా ఒప్పుకుంటుంది. మనసు ఆకలి ఉన్నట్టుండి వస్తుంది, పేరు పెట్టి మరీ అడుగుతుంది.

వారం రోజులు ఒక చిన్న పని చేయండి. తినేముందు ఫోన్‌లో నాలుగు ముక్కలు రాసుకోండి. టైమెంత, ఆకలి పదికి ఎంత, అంతకు ముందు పది నిమిషాల్లో ఏం జరిగింది, ఏం తినబోతున్నారు. క్యాలరీలు రాయొద్దు. అవి రాయడం మొదలుపెడితే రెండో రోజుకే విసుగు పుట్టి మానేస్తారు. నాలుగైదు రోజులకి ఒక వరస కనిపిస్తుంది. మీ ఉత్తరంలోనే అది కొంత కనిపిస్తోంది. మంచి కాల్ అయినా చెడ్డ కాల్ అయినా తింటున్నారంటే కారణం కోపమో సంతోషమో కాదు. పని అయిపోయిందని ఒంటికి చెప్పే గంట మీకు మిక్చర్ ప్యాకెట్టే అయింది.

ఆ గంటని మార్చాలి. ల్యాప్‌టాప్ మూయగానే వంటింటి వైపు కాకుండా నేరుగా బాత్రూమ్‌కి వెళ్లి పళ్లు తోముకుని, వేడినీళ్లతో స్నానం చేయండి. వంటింటి లైటు కాల్‌కి ముందే ఆర్పేయండి. అయినా మనసు లాగుతుంటే 15 నిమిషాలు టైమర్ పెట్టండి. ఆ లాగుడు అలలాంటిది, లేస్తుంది, కాసేపు ఉంటుంది, దిగుతుంది. దాంతో కుస్తీ పట్టకుండా "ఇప్పుడు ఎక్కువైంది, ఇప్పుడు తగ్గుతోంది" అని చూస్తూ ఉండండి. టైమర్ మోగాక కూడా కావాలనిపిస్తే తినండి. కానీ ప్లేటులో వేసుకుని, కూర్చుని, ఫోన్ పక్కన పెట్టి. నాలుగు చేగోడీలు అలా తింటే తిన్నట్టు తెలుస్తుంది. నిలబడి డబ్బాలోంచి తిన్నవి లెక్కలోకి రావు, మనసుకి కూడా. ఇంట్లోకే రానివ్వనని ఒట్టు పెట్టుకోవద్దు. పూర్తిగా నిషేధించుకున్నది దొరికిన రోజున మొత్తం పోతుంది.

200 గ్రాముల మిక్చర్ ప్యాకెట్‌లో సుమారు 1000 క్యాలరీలు ఉంటాయి. కొన్న రోజునే 30 గ్రాముల చొప్పున చిన్న డబ్బాల్లో సర్దేసి, కళ్లెదుట కాకుండా పై అరలో పెట్టండి. ఒక డబ్బా అంటే 150 క్యాలరీలు, అది మీ రోజు లెక్కలో ఇమిడిపోతుంది. ప్యాకెట్ విప్పి పక్కన పెట్టుకుని "కొంచెమే తింటా" అనే పద్ధతి ఎవరికీ కుదరదు.

నిద్ర ఎన్ని గంటలో మీరు రాయలేదు. 2004లో షికాగో విశ్వవిద్యాలయంలో 12 మంది యువకుల్ని రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చి చూశారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ 28 శాతం పెరిగింది, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ 18 శాతం తగ్గింది. స్వీట్లు, ఉప్పుకారాల మీద కోరిక బాగా పెరిగింది. పన్నెండున్నరకి పడుకుని ఆరుకి లేస్తుంటే పై చిట్కాలన్నీ సగమే పనిచేస్తాయి. ముందు ఏడు గంటల నిద్ర చూసుకోండి.

ప్రశ్న: నాకు 42 ఏళ్లు, టీచర్‌ని. ఇంట్లో మాటామాటా పెరిగిన రోజున అందరూ పడుకున్నాక వంటింట్లో కూర్చుని మిగిలిన అన్నం, స్వీట్లు, బ్రెడ్డు, ఏది దొరికితే అది తినేస్తాను. కడుపు నొప్పి పుట్టేదాకా ఆపలేను. మర్నాడు పశ్చాత్తాపంతో పచ్చి మంచినీళ్లు కూడా ముట్టను. ఆరు నెలలుగా వారానికి రెండు మూడు సార్లు ఇలా. ఎవరికీ తెలియదు. బరువు మాత్రం పెరుగుతోంది.
– పేరు వద్దు, కరీంనగర్

జవాబు: ముందుగా, బరువు తగ్గే ప్రయత్నం కొన్నాళ్లు ఆపేయండి. వినడానికి వింతగా ఉన్నా మొదటి మందు అదే. తక్కువ సమయంలో చాలా ఎక్కువ తినడం, ఆపాలనుకున్నా ఆపలేకపోవడం, తర్వాత కుమిలిపోవడం, ఇది వారానికి ఒకసారైనా మూడు నెలలుగా జరుగుతుంటే వైద్యులు దాన్ని అతితిండి రుగ్మతగా పరిగణిస్తారు. చికిత్స ఉన్న జబ్బు ఇది. బుద్ధిలేనితనం కాదు, తిండిపోతుతనమూ కాదు.

మీ వలయాన్ని మళ్లీ తిప్పుతున్నది మర్నాటి పస్తు. రోజంతా ఖాళీ కడుపు, సాయంత్రానికి నీరసం, రాత్రి చిన్న మాట పడగానే ఒళ్లూ మనసూ రెండూ కలిసి వంటింటికి లాగుతాయి. కాబట్టి రాత్రి ఎంత తిన్నా సరే, పొద్దున టిఫిన్ రోజూ తినే వేళకే తినండి. ఆకలి లేకపోయినా ఒక ఇడ్లీ, గుడ్డు. ఆ తర్వాత మూడు నాలుగు గంటలకి మించి ఖాళీ లేకుండా మూడు భోజనాలు, రెండు చిరుతిళ్లు. శనివారం ఒక్కపొద్దు ఉండే అలవాటుంటే చికిత్స సాగినన్నాళ్లు మానండి. మొక్కు అయితే ఇంకో రూపంలో తీర్చుకోవచ్చు. తూకం యంత్రాన్ని నెల రోజులు బీరువాలో పెట్టేయండి.

గొడవ జరిగిన రాత్రి వంటింట్లో ఒంటరిగా ఉండకండి. అక్కకో స్నేహితురాలికో ఫోన్ చేసి పది నిమిషాలు ఏదైనా మాట్లాడండి, గొడవ సంగతే కానక్కర్లేదు. అలా చెప్పుకోవడానికి ఎవరూ లేరనిపిస్తే టెలీ మానస్ 14416కి చేయండి. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన ఉచిత సేవ ఇది, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. దాంతోపాటు సైకియాట్రిస్టునో క్లినికల్ సైకాలజిస్టునో తప్పక కలవండి. ఆలోచనా సరళిని మార్చే కౌన్సెలింగ్ ఈ జబ్బుకి బాగా పనిచేస్తుంది. వాంతి చేసుకోవడం, విరేచనాల మాత్రలు వేసుకోవడం కూడా ఉంటే ఆలస్యం వద్దు. పొటాషియం పడిపోయి గుండె లయ దెబ్బతింటుంది.

ప్రశ్న: మా నాన్నగారికి 61, షుగర్. గ్లిమెపిరైడ్ ఉన్న మాత్ర వేసుకుంటారు. బరువు తగ్గాలని అన్నం మానేసి పొద్దున రాగిజావ మాత్రమే తాగుతున్నారు. పదకొండున్నరకి "ఆకలి, ఆకలి" అంటూ చెమటలు పట్టి, చేతులు వణుకుతూ ఏది కనపడితే అది తింటారు. కంట్రోల్ లేదని మేం కోప్పడుతున్నాం.
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: కోప్పడకండి. అది షుగర్ పడిపోవడంలా ఉంది. తిండి తగ్గింది, మాత్ర డోసు తగ్గలేదు. అలా వచ్చినప్పుడు వెంటనే గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కంటే తక్కువ ఉంటే 15 గ్రాముల గ్లూకోజ్ పొడి, అంటే మూడు టీస్పూన్లు, నీళ్లలో కలిపి ఇవ్వండి. 15 నిమిషాలకి మళ్లీ చూసి, ఇంకా తక్కువుంటే ఇంకోసారి. పెరిగాక అన్నమో ఇడ్లీయో పెట్టండి. మీటర్ లేకపోతే పరీక్ష కోసం ఆగకుండా గ్లూకోజ్ ఇచ్చేయండి. మాట తడబడుతున్నా, స్పృహ తప్పుతున్నా నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. చాక్లెట్, స్వీటు వద్దు, వాటిలోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది.

ఇంకోటి చూడండి. మాత్ర అట్ట మీద గ్లిమెపిరైడ్‌తో పాటు వోగ్లిబోస్ అని కూడా ఉందా? ఉంటే మామూలు పంచదార త్వరగా పనిచేయదు, ఎందుకంటే పంచదారని విడగొట్టే ఎంజైమునే ఆ మందు ఆపుతుంది. గ్లూకోజ్ పొడే ఇవ్వాలి, ఆయన జేబులో ఒక పొట్లం ఎప్పుడూ ఉండాలి. ఈ వారంలోనే డాక్టర్‌ని కలిసి, తిండి తగ్గించిన సంగతి చెప్పి డోసు సరిచేయించండి. ఈలోగా పొద్దున జావతో పాటు రెండు ఇడ్లీలు, గుడ్డు పెట్టండి. మాత్ర మీ అంతట మీరు మానేయకండి.

ప్రశ్న: జీలకర్ర నీళ్లు, తేనె నిమ్మరసం, గ్రీన్ టీ, గార్సీనియా మాత్రలు ఆకలిని చంపుతాయంటున్నారు. నిజమా?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: భోజనానికి అరగంట ముందు రెండు గ్లాసుల నీళ్లు తాగితే కొందరు కాస్త తక్కువ తింటారు. ఆ నీళ్లలో జీలకర్ర ఉన్నా లేకపోయినా ఒకటే. తేనె పెద్ద చెంచాకి 60 క్యాలరీలు, కొవ్వు కరిగించే గుణమేం లేదు. గ్రీన్ టీ రాత్రి తాగితే నిద్ర చెడుతుంది. గార్సీనియా మాత్రల జోలికి మాత్రం వెళ్లకండి, వాటితో లివర్ దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి.