క్రేన్ ‘స్లూ’, డిక్షనరీ ‘స్లూ’

ప్రశ్న: కృష్ణపట్నం పోర్టులో క్రేన్ దగ్గర హెల్పరుగా చేరాను. ‘స్లూ లెఫ్ట్’, ‘స్లూ బ్రేక్’ అంటుంటారు. డిక్షనరీ తీస్తే ‘చంపాడు’ అని ఉంది! ఏది నిజం?
– ఒక పాఠకుడు, ముత్తుకూరు

జవాబు: రెండూ నిజమే. స్పెల్లింగ్ ఒకటే గానీ మాటలు వేరు. ‘చంపాడు’ అనే స్లూ ‘స్లే’ క్రియకు భూతకాలం. పాత ఇంగ్లీషులో దాని అసలర్థం కొట్టడం. ‘ఎ స్లూ ఆఫ్’ అంటే బోలెడన్ని. అది గుంపు అనే అర్థమున్న ఐరిష్ మాట. మీ క్రేన్‌ది మూడోది. 18వ శతాబ్దపు ఓడవాళ్లు కొయ్యను ఉన్నచోటే తిప్పడాన్ని అలా అనేవారు. అంతకుముందు ఎక్కడిదో నిఘంటుకారులకే అంతుచిక్కలేదు.

క్రేన్‌లో సరుకు పైకి లేపడం హాయిస్టింగ్, పొడవాటి చెయ్యిలా చాచి ఉండే బూమ్‌ను ఎత్తి దించడం లఫింగ్, పైభాగమంతా పక్కకు తిరగడం స్లూయింగ్. తిరిగేది స్లూ రింగ్ అనే పెద్ద బేరింగ్ మీద. దానికి గ్రీజు ఒకేచోట కొట్టి వదిలేస్తే మిగతా బాల్స్ ఎండిపోతాయి. కొంచెం తిప్పించి, ఆపించి, మళ్లీ కొట్టాలి. తిరుగుతుండగా మాత్రం చెయ్యి పెట్టొద్దు. ఇంకోటి: స్లూ టక్కున ఆపితే బూమ్ ఆగుతుంది గానీ కొక్కేనికున్న బరువు ఆగదు, ఊగుతూ ముందుకు పోతుంది. ఆ దారిలో నిలబడకండి.

బిల్డింగులు కట్టే టవర్ క్రేన్‌కైతే పని అయ్యాక స్లూ బ్రేక్ వదిలేసి దిగుతారు, జిబ్ (దాని పొడవాటి చెయ్యి) గాలివాటుకు తిరిగేలా. బిగించి దిగితే తుఫాను గాలి పక్కనుంచి కొట్టి క్రేన్‌నే పడగొట్టొచ్చు. ఇది చూసి పోర్టు క్రేన్‌కూ అలాగే చేసేరు! దానికి మాన్యువల్లో ఏముంటే అదే.