ఆ ఒక్క వాక్యం కొట్టెయ్

అమ్మాయీ, ఆశీస్సులు.

జిరాక్స్ కనిపెట్టిన చెస్టర్ కార్ల్‌సన్ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. భాష బాగుంది. కానీ మూడో పేజీలో 'ఎన్నో కష్టనష్టాలకోర్చి చివరకు విజయం సాధించాడు' అని రాశావే, అక్కడ కళ్లజోడు తీసి పక్కన పెట్టేశాను. 1938 నుంచి 1959 దాకా ఇరవై ఒక్క ఏళ్లు ఒక్క వాక్యంలో మింగేశావు తల్లీ! కథంతా ఆ ఏళ్లలోనే కదా ఉంది.

అసలు ఆయనకు ఆ పిచ్చి ఎందుకు పట్టింది? పగలు న్యూయార్క్‌లో ఎలక్ట్రికల్ పరికరాల కంపెనీ పేటెంట్ విభాగంలో ఉద్యోగం. పత్రాలకు కాపీలు ఎప్పుడూ చాలేవి కావు. రాత్రి లా కాలేజీ. పుస్తకాలు కొనే స్తోమత లేక లైబ్రరీలో కూర్చుని చేత్తో ఎత్తి రాసుకునేవాడు. పైగా కీళ్లవాతం. నువ్వు 'మేధావి' అన్నావు. నేనైతే 'వేళ్లు నొప్పెట్టినవాడు' అంటాను. ఒంట్లో నొప్పి ఎక్కడుందో చెప్పకుండా ఎవరి జీవితమూ రాయకూడదు. ఇది నా మొండిపట్టు, ఎవరేమన్నా వదలను.

పూర్వం ఒక వారపత్రికకు ఒక శాస్త్రవేత్త గురించి రాసి పంపితే, ఆయన జబ్బూ అప్పులూ ఉన్న పేరాలు కొట్టేసి 'స్ఫూర్తిదాయకంగా ఉండాలండీ' అన్నాడు సంపాదకుడు. ఇప్పుడు దాన్నే సక్సెస్ స్టోరీ అంటున్నారు. నా మొదటి నవలైతే ఇంకో పత్రికాఫీసులో పోయింది. కార్బన్ కాపీ ఇంట్లో ఉందిగా అన్న ధీమా. తీసి చూస్తే సగం పేజీల్లో నీలం మరకలే. రెండు నెలలు కూర్చుని మళ్లీ రాశాను. అప్పటికి మా ఊరికి జిరాక్స్ మిషన్ ఇంకా రాలేదు.

1938 అక్టోబర్ 22 నీకు ఉత్త తేదీ. నన్ను ఆ గదిలోకి తీసుకెళ్లు. న్యూయార్క్‌లోని ఆస్టోరియా పేటలో అద్దె గది. సహాయకుడు ఓటో కోర్నై, ఆస్ట్రియా నుంచి వచ్చినవాడు. గంధకం పూసిన జింకు రేకును చేతిరుమాలుతో గట్టిగా రుద్దారు, స్థిరవిద్యుత్తు పుట్టింది. గాజుపలక మీద సిరాతో '10-22-38 ఆస్టోరియా' అని రాసి, కిటికీ తెర దించి, పలకను రేకు మీద ఆనించి కొన్ని సెకన్లు లైటు వేశారు. వెలుగు తగిలినచోట విద్యుత్తు పోయింది, అక్షరాల నీడలో నిలిచింది. పలక తీసి, సన్నటి పొడి చల్లి, ఉఫ్‌మని ఊదితే అక్షరాలు మిగిలాయి! మైనపు కాగితం పెట్టి నొక్కితే దానికి అంటుకున్నాయి.

తర్వాత కోర్నై ఆశ వదులుకుని వేరే ఉద్యోగానికి వెళ్లిపోయాడు. ఐబీఎం, జనరల్ ఎలక్ట్రిక్ లాంటి ఇరవైకి పైగా కంపెనీలు వద్దన్నాయి. 1944లో ఒహాయోలోని బాటెల్ పరిశోధన సంస్థ చెయ్యందించింది. ఆ తర్వాత రోచెస్టర్‌లో ఫొటో కాగితాలు చేసే హాలాయిడ్ అనే చిన్న కంపెనీ కలిసొచ్చి, 914 అనే జిరాక్స్ మిషన్ బయటికి తెచ్చేసరికి 1959. దాదాపు 300 కిలోల బరువు. లోపల కాగితానికి మంట అంటుకుంటే ఆర్పడానికి నిప్పునార్పే సిలిండర్ కూడా ఇచ్చేవాళ్లు! ఇంత మంచి సంగతి వదిలేసి, ఆయన కోటీశ్వరుడయ్యాడని రెండు పేజీలు రాశావు. డబ్బొచ్చాక ఆయన కోర్నైకి వంద షేర్లు ఇచ్చాడు. డబ్బు గురించి అదొక్కటి రాయి, చాలు.

మళ్లీ రాసి పంపు. తిరుగు స్టాంపులు అక్కర్లేదు. పోస్టు చేసే ముందు మాత్రం ఒక జిరాక్స్ తీసి దగ్గర పెట్టుకో.