మీ ముత్తాతకు ఆ చేను ఎట్లా వచ్చింది?

నెల్లూరు

అమ్మణ్ణీ,

మీ ముత్తాత మీద పుస్తకానికని నువ్వు రాసి పంపిన రాత అందింది. తెలుగు చక్కగా ఉంది. సజ్జచేలో మంచె ఎక్కి పిల్లలు పిట్టల్ని తోలే చోట కాసేపు ఆగిపోయాను. ఆ పేరా ముట్టుకోవద్దు. మిగతాది మళ్ళీ రాయాలి. ఎందుకో చెబుతాను, నొచ్చుకోకు.

మీ ముత్తాతను దానకర్ణుడన్నావు, మాట తప్పనివాడన్నావు, ఊరికి పెద్దదిక్కన్నావు. అంతా చదివినా ఆయన పొద్దున లేచి ముందు ఎటు నడిచేవాడో, ఎవరిమీద అరిచేవాడో, దేనికి భయపడేవాడో నాకు తెలియలేదు. ఇవన్నీ పెద్దకర్మ రోజు బంధువులు మైకు పట్టుకుని అనే మాటలు. వెనక రెడ్ల ఇళ్ళకు వంశరాజులు వచ్చి గోత్రాలు, తాతముత్తాతల పేర్లు పాడిపోయేవాళ్ళు. పొగిడితేనే వాళ్ళ జోలెలో గింజలు పడేవి. నీకా అవసరం లేదు గదా.

ఆఖర్న ‘ఉండనీలే’ అన్నట్టు ఒక క్రయ దస్తావేజు జిరాక్సు కుట్టి పంపావు. నీ రాతలో దాని ప్రస్తావనే లేదు. నేను మాత్రం దాన్ని దీపం కిందికి జరుపుకుని చదివాను. చెరువు కింద చేను మీ ముత్తాత కొన్న కాగితం అది. హద్దులు చూడు: తూర్పు చాకలి మాన్యం, దక్షిణం బండ్లదోవ, పడమర ‘నాకు మిగిలిన చేను’, ఉత్తరం కాలవ. అంటే అమ్మినవాడు చేనంతా అమ్ముకోలేదు, పడమటి ముక్క ఉంచుకున్నాడు. ఆ ముక్క ఇప్పుడెవరిది? అడంగల్లో, అంటే ఊరి పొలాల లెక్కల పుస్తకంలో, ఆ సర్వే నంబరు ఏ ఫసలీలో (శిస్తు లెక్కల సంవత్సరంలో) ఎవరి పేరుకు మారిందో వెతుకు. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, అది జూలైతో మొదలవుతుందని గుర్తుపెట్టుకో. ఆ ముక్క కూడా మీవాళ్ళ పేరుకే వచ్చి ఉంటే నీ పుస్తకంలో ఒక అధ్యాయం దానంతట అదే పుట్టినట్టు.

ఇంకా కిందికి దిగితే సొమ్ము సంగతి. ‘తమకు నేను బాకీ ఉన్న ప్రోనోటు అసలు వడ్డీలకు చెల్లు పెట్టుకొన్నందున’ అని రాసి ఉంది. చేతికి రూపాయి రాలేదన్నమాట. ప్రోనోటు అంటే బాకీ రాసిచ్చిన కాగితం, మూడేళ్ళు దాటితే మురిగిపోతుంది, కోర్టుకెక్కినా చెల్లదు. అందుకే గడువు దగ్గరపడే ముందు వడ్డీని అసల్లో కలిపి నోటు తిరగరాయించేవాళ్ళు. అట్లా తిరగరాయగా రాయగా ఇక రాయడానికి ఏమీ మిగలని రోజున చేను రాసివ్వాల్సి వచ్చేది. 1938లో రైతుల రుణాలు తగ్గిస్తూ మద్రాసు ప్రభుత్వం చట్టం తెచ్చిందంటే ఈ బాధ ఎన్ని ఊళ్ళలో ఉండిందో ఊహించుకో. మీ దస్తావేజు ఆ చట్టానికి ముందుదా, తర్వాతదా? జిరాక్సులో తేదీ దగ్గర మడత పడి చెరిగిపోయింది. అది తేలాలి.

‘ఆ చేన్లో ఏడుపుంది’ అని మీ జేజి, అదే మీ నాయనమ్మ, అనేదని నువ్వే ఒక్క వాక్యం రాసి దాటేశావు. ఎందుకు దాటేశావమ్మా? నీ పుస్తకం అక్కడ మొదలవ్వాలి. అమ్మినాయన నిశానీ వేశాడు, సంతకం రాదు. ఆయన మనవలు ఒంగోల్లోనో హైదరాబాదులోనో ఉండే ఉంటారు. కనుక్కో, పోయి కూర్చో. వాళ్ళింట్లో మీ ముత్తాతను ఏమని తలుచుకుంటారో విను. అచ్చులో వాళ్ళ పేర్లు మార్చు, జరిగింది మాత్రం మార్చకు.

అట్లాగని ఆయన్ని వడ్డీల రాక్షసుణ్ణి చెయ్యమనటం లేదు. నేటి రచయితలకు అదొక సరదా అయిపోయింది, దేవుడు కాకపోతే దయ్యం. బ్యాంకు లేని మెట్ట ఊళ్ళో విత్తనానికి, ఎద్దుకు, పెళ్ళికి అందరూ ఎక్కే గడప ఆయనదే. నోటు రాయించుకున్నాయనే రాత్రిపూట కాన్పు కష్టమైతే బండి కట్టించి ఉండొచ్చు. రెండూ పక్కపక్కన పెట్టి ఊరుకో. తీర్పు నీది కాదు.

‘బావి తవ్వించి ఊరికి నీళ్ళిచ్చాడు’ అన్నావు. తవ్వింది ఒడ్డెవాళ్ళు. ఎద్దులతో బావి నీళ్ళు తోడే కపిలకు తోలు బాన కుట్టింది మాదిగవాడ మనిషి. తెల్లారకముందే ఎద్దుల్ని వాలులో ముందుకీ వెనక్కీ తోలింది పాలేరు. వీళ్ళెవరూ నీ రాతలో లేరు. బాన పైకొచ్చి తొట్టిలో నీళ్ళు కుమ్మరించే చప్పుడు విన్న ముసలాయన ఎవరైనా ఇంకా ఉంటే ముందు ఆయన దగ్గరికి పో, ఆఫీసులు తర్వాత.

ఆయన ధాత ఏట పుట్టాడని జేజి చెప్పిందన్నావు. అరవై ఏళ్ళకోసారి తిరిగొచ్చే ధాత 1876లో వచ్చింది, 1936లో వచ్చింది, 1996లోనూ వచ్చింది. ఆమె కాపురానికి వచ్చేసరికే ఆయన మంచం పట్టిన ముసలాయన కాబట్టి మొదటిదే అవుతుంది. అయితే అది ధాత కరువు. చంకలో పసిబిడ్డతో ఆ ఇల్లు ఎట్లా గడిచింది? పాతరలో జొన్నలున్నాయా? అదే కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషను పాదిరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలవ పని కొంత కాంట్రాక్టుకు తీసుకుని జనానికి కూలి చూపించాడు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, ఎక్కువమంది మాదిగలే. మీ ఇంట్లో అది వారసుడు పుట్టిన కాలం. బాన కుట్టినాయన ఇంట్లో అది దేనికి గుర్తో అడిగావా?

జిల్లాల తికమక గురించి ఒక్క మాట. 1904 దాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోదే, గుంటూరు జిల్లా ఏర్పడ్డాక అందులోకి పోయింది. అందుకే కాబోలు, బ్రెజిల్‌కు పోయిన మన ఒంగోలు గిత్తను వాళ్ళు నేటికీ ‘నెలోర్’ అంటారు. మీ కందుకూరు 1970లో ఒంగోలు జిల్లా పెట్టేదాకా నెల్లూరే. అదే మీ ముత్తవ్వ పుట్టిన పొదిలి వైపయితే వెంకటగిరి జమీందారీ, శిస్తు కట్టించుకునేది రాజావారు. కాగితాలు దొరకలేదని దిగులుపడే ముందు ఆ ఏడు మీ ఊరు ఎవరి కింద ఉండిందో చూసుకో.

ముత్తవ్వ అంటే గుర్తొచ్చింది. ఆమెను ‘అన్నపూర్ణ’ అని ఊరుకున్నావు. కాగితాల్లో ఎటూ ఆమె దొరకదు, జేజి నోట్లోనే ఉంది. ‘మా ముత్తవ్వ గురించి చెప్పు’ అని ఫోను ముందు పెడితే జేజికి మాట రాదు. చింతపండు గింజలు తీసేటప్పుడు పక్కన కూర్చుని, అంబలి ఏ కుండలో కాచేవాళ్ళు, ముందు ఎవరికి పోసేవాళ్ళు, అత్త తినేసరికి ఏం మిగిలేది అని అడుగు. జేజి చెప్పింది పెదనాన్న చెప్పినదానితో పొసగకపోతే రెండూ రాయి. పెదనాన్న ఇంటి పరువు అంటాడు, ఖాయం. అచ్చుకు ఇచ్చేముందే ఆయనకు చదివి వినిపించు. టెన్షన్ పడకు, అరిచినా నాలుగు కొత్త సంగతులు చెప్పే అరుస్తాడు.

దస్తావేజు ముందు వైపే జిరాక్సు తీయించావు. వెనక వైపు కూడా కావాలి. స్టాంపు ఎవరు కొన్నారో అది అమ్మిన వెండరు అక్కడే రాస్తాడు. తన ఎదుట సొమ్ము చేతులు మారితే రిజిస్ట్రారు అదీ ఎక్కిస్తాడు. వేలిముద్ర వేసినాయన ఫలానా అని చెప్పిన సాక్షుల పేర్లూ ఉంటాయి. అసలు కాగితం మడతల్లో చిరిగేట్టుంటే గుంజొద్దు, రెండు వైపులా ఫోనులో ఫోటో తీసి పంపు. తేదీ నేను చూస్తాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు