సీతాలుకి అక్షరాలు కనిపించవు

గోదావరి లంకల్లో 31 ఏళ్లు ఏఎన్ఎంగా పనిచేసి రిటైరైన రచయిత్రి మన పత్రికలో సీరియల్ రాస్తున్నారు. వస్తువును ముట్టుకుంటే దాని గతం తెలిసే సీతాలు, ఒక లంకలో గుట్టుగా సాగుతున్న మందుల ప్రయోగాలను బయటపెట్టడం ఆ కథ. పాఠకుల ఉత్తరాలకు ఆమె జవాబులివి.

మేడమ్ గారూ, ముట్టుకుంటే చాలు సీతాలుకి అన్నీ తెలుస్తాయి కదా! మొదటి వారమే డాక్టరు కళ్లజోడు ముట్టుకుని ఉంటే కథ తేలిపోయేది. ఇన్ని వారాలు ఎందుకు? – ఒక పాఠకుడు, రావులపాలెం

ఈ చిక్కు మొదటి అధ్యాయం రాస్తున్నప్పుడే ఎదురైందండి. అందుకే సీతాలుకి ఒక హద్దు పెట్టాను. వస్తువును పట్టుకున్న చేతికి ఏం తెలిసిందో అంతే ఆమెకూ తెలుస్తుంది. చల్లదనం, బరువు, వణుకు, చెమట. అక్షరాలు కనిపించవు. మందు పెట్టె ముట్టుకున్నప్పుడు, పంటు మీద ఎవరో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారనీ, వాళ్ల వేళ్లు తిమ్మిరెక్కాయనీ తెలిసింది. లోపల సీసా మీద ఏం రాసి ఉందో తెలియలేదు.

చదవగలిగినా లాభం ఉండేది కాదు. ఇలాంటి పరీక్షల్లో చాలాసార్లు అసలు మందు, ఉత్తుత్తి మందు ఒకేలాంటి సీసాల్లో వస్తాయి. పైన కోడ్ నంబరే ఉంటుంది. ఎవరికి ఏది పడిందో సూది వేసే మనిషికి కూడా తెలియనివ్వరు. పక్షపాతం రాకుండా పెట్టుకున్న పద్ధతి అది, సక్రమంగా జరిగే పరీక్షల్లోనూ ఉన్నదే. కాబట్టి సీతాలు ఆ కోడ్ పుస్తకం వెతుక్కుంటూ ఏటిగట్టు మీద కాళ్లరిగేలా తిరగాల్సిందే.

అతీంద్రియ శక్తులు లేవు. మీలాంటి చదువుకున్నవారు మూఢనమ్మకాలను ప్రచారం చేయడం బాధగా ఉంది. – ఒక విశ్రాంత ఉపాధ్యాయులు, నరసాపురం

మాస్టారూ, నమస్కారం. నేనూ వాటిని నమ్మను. నాకు పన్నెండేళ్లప్పుడు మా పక్కింట్లో బంగారు నాను పోయింది. అంజనం వేయించారు. నింద ఆ ఇంట్లో అంట్లు తోమే పిల్ల మీద పడింది. తెల్లారేసరికి ఆ పిల్ల కుటుంబం సామాను మూటకట్టుకుని ఊరొదిలి పోయింది. నాను రెండు నెలల తర్వాత ధాన్యం గాదెలో దొరికింది. పిలిచి క్షమాపణ చెబుదామన్నా వాళ్లు ఎక్కడున్నారో ఎవరికీ తెలియదు. ఆ పిల్లది నా వయసే.

పదకొండో వారంలో సీతాలు కాంపౌండరును పొరపాటున దోషి అనుకోవడం అందుకే రాశాను. తనకు కనిపించిందని ఆమె ఎవరినీ పట్టించలేదు. కోర్టులో కల చెల్లదు. చూసినవాళ్లు, విన్నవాళ్లు నోరు విప్పి చెప్పాలి, కాగితం చూపించాలి. మీకు బాధ కలిగించిన మాట నిజం. మిగతా వారాలు కూడా చదివి మళ్లీ రాయండి.

నిజంగా మన దగ్గర ఇలాంటివి జరుగుతాయా? చదువుతుంటే టెన్షన్‌గా ఉంది. – ఒక గృహిణి, కాకినాడ

నేను రాసినట్టు చీకటి గదిలో, గుట్టుగా జరగాలని లేదమ్మా. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం వైపు, 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేస్తూ ఒక అధ్యయనం చేశారు. చాలామంది గిరిజన హాస్టళ్ల పిల్లలు. అమ్మానాన్నలు పెట్టాల్సిన అంగీకార సంతకాలు చాలాచోట్ల వార్డెన్లు, హెడ్మాస్టర్లు పెట్టారు. 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. కొందరు పిల్లలు చనిపోయారు కానీ, ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. ఆ టీకా మంచిదే. ఇది చదివి మీ అమ్మాయికి వేయించడం మానకండి. తప్పల్లా అడగకపోవడంలో ఉంది.

భద్రాచలంలో నీటిమట్టం 53 అడుగులకు వచ్చి మూడో హెచ్చరిక ఇచ్చారంటే మా లంకల్లో బియ్యం మూటలు అటకెక్కుతాయి. అక్కడి నీళ్ల కబురు మాకు అంత ముందుగా అందుతుంది. ఆ పిల్లల కబురు మాత్రం పేపర్లో చూసేదాకా నాకు తెలియదు.

ఇప్పుడు మందుల పరీక్షలకు 2019 నాటి నిబంధనలు ఉన్నాయి. చదువురాని మనిషి చేత వేలిముద్ర వేయిస్తే, వివరంగా చెప్పడం మొదలైనప్పటి నుంచి పూర్తయ్యేదాకా సంబంధం లేని సాక్షి ఒకరు పక్కనే ఉండాలి. ఆ కాగితం నకలు మీకివ్వాలి. పరీక్ష వివరాలు ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదు కావాలి. ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడొచ్చు. మీ ఇంటికి ఎవరైనా వస్తే ఆ నమోదు నంబరు అడగండి.

మీరే ఏఎన్ఎం అయ్యుండి కథలో నర్సమ్మ నాగమణిని దోషిగా చూపించారు. నాకు ఏడుపొచ్చింది. ఎందుకు మేడమ్? – నర్సింగ్ విద్యార్థిని, ముమ్మిడివరం

అమ్మాయ్, ఈ ఉత్తరానికి జవాబు రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

అమెరికాలో, అలబామా రాష్ట్రంలోని టస్కీగీలో 1932లో ఒక అధ్యయనం మొదలైంది. సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఉన్న నల్లజాతి మగవాళ్లు 399 మంది, లేనివాళ్లు 201 మంది. జబ్బు పేరు చెప్పకుండా ‘చెడు రక్తం’ అన్నారు. 1947 నాటికే పెన్సిలిన్ ఆ జబ్బుకు వాడుకలోకి వచ్చినా, ఇవ్వకుండా ఏమవుతుందో చూస్తూ కూర్చున్నారు. పేద రైతులకు వేడి భోజనం పెట్టారు. శవపరీక్షకు ఒప్పుకుంటే అంత్యక్రియల ఖర్చు తామే భరిస్తామన్నారు. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య శాఖలో అంతకుముందు పనిచేసిన పీటర్ బక్స్‌టన్ అనే ఆయన పత్రికల వాళ్లకు చెబితే 1972లో ఆగింది. నలభై ఏళ్లు! అది రహస్యం కూడా కాదు, మధ్యమధ్య వైద్య పత్రికల్లో వ్యాసాలు వచ్చాయి.

ఆ మగవాళ్లను ఇంటికెళ్లి పలకరించి, కారులో ఎక్కించుకుని తీసుకొచ్చింది యూనిస్ రివర్స్ అనే నర్సు. ఆమెదీ నల్లజాతే. వాళ్లు ఆమెను నమ్మారు. డాక్టర్లు మారిపోతూ వచ్చారు, ఆమె మాత్రం ఉండిపోయింది. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఎందుకంటే నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, బయటి నుంచి ఒక బృందం మా లంకకు వచ్చి ఉచిత శిబిరం అంది. ఆడవాళ్లను పోగుచేయమన్నారు. ఇల్లిల్లూ తిరిగి నలభై మందిని తీసుకొచ్చాను. కాగితం ఇంగ్లీషులో ఉంది. స్టాంపు ప్యాడ్ పట్టుకుని, ఒక్కొక్కరి బొటనవేలు నొక్కి నిశాని వేయించింది నేనే. రక్తం తీసుకుని వెళ్లిపోయారు, మళ్లీ రాలేదు. అది దేనికో ఇప్పటికీ నాకు తెలియదు. “మా రక్తం రిపోర్టు ఏదమ్మా?” అని ఒక ముసలావిడ నేను రేవులో దిగినప్పుడల్లా అడిగేది. వస్తుందిలే అనేదాన్ని. రెండేళ్లు అలాగే అన్నాను.

నాగమణి చెడ్డ మనిషి కాదు. పసిపిల్లల టీకాల పెట్టెతో వరదలో ఏరు దాటిన మనిషే. ఆమె ఒక్కసారి కాగితం చదవమని అడిగి ఉంటే అన్నదే నా కథ. నువ్వు అడుగు. ఉద్యోగంలో చేరిన మొదటి వారం నుంచే అడుగు.

నాగమణి దాచిన కాగితాల మూట సీతాలుకి దొరుకుతుందా? – ఒక పాఠకురాలు, రాజోలు

దొరుకుతుంది. తెరిచి చూసేసరికి అన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. సీతాలుకి చదువు రాదు కదా, ఆ కాగితాల మీది నిశానీలను ఒక్కొక్కటే వేలితో తడుముతుంది. మూడోది వాళ్లమ్మది.