మిల్లు కంటే ముందు నీళ్ల సంగతి చూడు బిడ్డా

బిడ్డా,

నువ్వు కొలువు ఇడిచిపెట్టి హాలియా దిక్కు వడ్లు నానబెట్టి ఉడకబెట్టి ఆడించే బాయిల్డ్ రైస్ మిల్లు పెడ్తున్నవని మీ అమ్మ ఫోన్ల చెప్పింది. నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి. మన ఇంట్ల మిల్లులల్ల హమాలీ పని చేసినోళ్లున్నరు, నా లెక్క గుమాస్తాలున్నరు. ఓనరు అనిపించుకునేది మాత్రం నువ్వే మొదలు. ఆ సంతోషం తీరకముందే బుగులు పట్టుకున్నది. ఉగాదికి ముగ్గు పోసి పునాది తీస్తరట, పర్మిషన్లు తర్వాత చూసుకుందామని అల్లుడు అన్నడట. అందుకే ఈ ఉత్తరం. ఫోన్ల చెప్తే "సరే మామా" అని పెట్టేస్తవు.

సీఎఫ్ఈ, అంటే మిల్లు కట్టనీకె కాలుష్య మండలి ఇచ్చే సమ్మతి, చేతికి రాకముందు గడ్డపార భూమికి తగలొద్దు. 1974 నీటి చట్టం 25వ సెక్షన్ చెప్పేది గదే. మురుగునీళ్లు వదిలే పరిశ్రమ పెట్టాలంటే కాలుష్య మండలి సమ్మతి ముందుగాల తీసుకోవాలె, కట్టినంక కాదు. పొగకూ బూడిదకూ 1981 గాలి చట్టం ఉన్నది. మిల్లు కట్టుడు అయినంక, నడిపేముందు సీఎఫ్ఓ, అంటే నడపనీకె సమ్మతి. ఈ రెండూ వేరు. మొదటిది ఉన్నది గదా అని ట్రయల్ పేరు మీద సీజనంతా మిల్లాడించినోళ్లను చూసిన. నువ్వు ఆ దారి పట్టకు.

అప్లికేషన్ టీజీ ఐపాస్‌ల, అంటే పరిశ్రమల పర్మిషన్లకు సర్కారు పెట్టిన వెబ్‌సైట్‌ల, ఆన్‌లైన్‌ల పెట్టొచ్చు. భూమి కాగితాలు, లేఅవుట్, పెట్టుబడి మీద ఆడిటర్ సర్టిఫికెట్ కావాలె. బాయిలర్‌కు వేరే, ఫ్యాక్టరీ లైసెన్స్ వేరే, బోరుకు వాల్టా (నీళ్లు, భూమి, చెట్ల చట్టం) కింద వేరే. చదువుకున్నదానివి, ఇవన్నీ నీకు నేను చెప్పనక్కర లేదు. ఒక్క ముచ్చట యాదికుంచుకో. నాలుగు నెలల్ల మండలి ఏమీ చెప్పకపోతే సమ్మతి ఇచ్చినట్టేనని చట్టంల ఉన్నది, ఎవరో ఒకరు నీ చెవుల ఊదుతరు. దాన్ని నమ్ముకొని అప్పు తెచ్చి గోడలు లేపకు. ఊరోళ్లు ఫిర్యాదు చేసిన నాడు చేతిల కాగితం ఉండాలె.

కన్సల్టెంట్‌కు ఏది అప్పజెప్పినా నీళ్ల లెక్క మాత్రం అప్పజెప్పకు. రోజుకు ఎన్ని నీళ్లు తోడుతవు, ఎన్ని వదులుతవు, అవి ఎటు పోతయి అని అప్లికేషన్ల అడుగుతరు. చానామంది పాత మిల్లు ఫైలు చూసి అవే అంకెలు దింపుతరు. నువ్వు కూర్చొని రాయి. వడ్లు నానబెట్టనీకె టన్నుకు సుమారు టన్ను పైనే నీళ్లు కావాలె. రోజుకు వంద టన్నులు ఆడిస్తే లక్ష లీటర్ల పైమాటే. కొన్ని వడ్లల్ల ఇంకుతయి, కొన్ని ఆవిరైతయి, మిగిలినయి పచ్చగ, పుల్లగ కంపు కొట్టుకుంట బయటికొస్తయి. ఆ మిగిలినవాటి సంగతి తేలకుంటే మిల్లు పెట్టుడే వద్దు.

ఇంత గట్టిగ ఎందుకు చెప్తున్ననో విను. నేను గుమాస్తాగ చేసిన ఒక మిల్లు సంగతి నీకు ఎన్నడూ పూర్తిగ చెప్పలే.

ఆ సేటు మనిషి మంచోడే. హమాలీలకు పండుగకు బట్టలు పెట్టేటోడు, ఎవరి బిడ్డ పెండ్లయినా బియ్యం బస్తాలు పంపేటోడు. గాని మిల్లు కట్టినప్పుడు నానబెట్టిన నీళ్లకు జాగా ఆలోచించలే. వెనుక జాగల పెద్ద మట్టి గుంత తవ్వించిండు. ఎండకు ఎండిపోతయి తియ్యి అన్నడు. సిమెంటు లేదు, కింద షీటు లేదు. మొదటి ఏడు ఏమీ కాలే. యాసంగి దొడ్డు వడ్లు దండిగ వచ్చిన ఏడాది గుంత నిండి పొర్లింది, పొర్లకముందే లోపల్లోపల ఇంకింది.

గుంతకు కిందిభాగంల ఒక చేదబాయి ఉండె. చుట్టుపక్కల బోర్లన్నీ ఉప్పే, ఆ బాయొక్కటే సాగర్ ఎడమ కాలువ ఊటతోని తియ్యగ ఉండేది. ఒకనాడు పొద్దుగాల ఆడోళ్లు బిందెలు తీసుకొని మిల్లు గేటు కాడికి వచ్చిన్రు. ఒక ముసలామె బిందె నా టేబుల్ మీద పెట్టి "మూత తీసి వాసన చూడు గుమాస్తా" అన్నది. కుళ్లిన గంజి వాసన. నీళ్ల మీద సన్నటి నురగ. సేటు ట్యాంకర్ పంపిస్త అన్నడు, నాలుగు దినాలు పంపిండు, ఆపిండు. ఊరోళ్లు నల్లగొండకు పోయి ప్రజావాణిల దరఖాస్తు ఇచ్చిన్రు.

కాలుష్య మండలి వాళ్లు వచ్చి గుంతల, బాయిల శాంపిళ్లు తీసిన్రు. కాగితాలు చూపించమంటే సీఎఫ్ఈ మిల్లు కట్టినంక తీసుకున్నది, సీఎఫ్ఓ గడువు దాటింది. మూసేయాలని ఆర్డరు వచ్చింది, కరెంటు కోసిన్రు. నీటి చట్టంల 33ఏ సెక్షన్ కింద వాళ్లకు ఆ అధికారం ఉన్నది బిడ్డా, కరెంటు, నీళ్లు రెండూ బంద్ చేయించొచ్చు. అప్పటికి ట్యాంకులల్ల వడ్లు నానుతున్నయి. ఉడకబెట్టే దారి లేదు, ఆరబెట్టే దారి లేదు. మూడోనాటికి పులిసి మొలకలెత్తినయి. అవి సేటు సొంత వడ్లు గావు, సర్కారు సీఎంఆర్ వడ్లు, అంటే ఆడించి బియ్యం మల్ల సర్కారుకే ఇయ్యాల్సినయి. క్వింటాలుకు 68 కిలోల బియ్యం అప్పజెప్పాలె. ఆ లెక్క కట్టనీకె ఆయన పొలం అమ్మిండు. హమాలీలు వేరే మిల్లులకు పోయిన్రు.

సేటు పొలం పోయినందుకు నాకు బాధైంది. బాయి పోయినందుకు మాత్రం ఇయ్యాల్టికీ కడుపు మండుతది. ఎందుకో నీకు తెలుసు. మీ అమ్మమ్మ మర్రిగూడ దిక్కు ఆడబిడ్డ. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగింది. నాకు బుద్ధి తెలిసేసరికే నడుము వంగింది, చెయ్యి ఎత్తి దండెం మీద బట్ట ఎయ్యలేకపోయేది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మన నల్లగొండ పేరే పెట్టిన్రు. మన జిల్లా పేరు దేశానికి తెలిసింది అట్ల. వడ్లు నానబెడితే ఫ్లోరైడ్ పుట్టదు, ఆ సంగతి నాకు తెలుసు. గాని నల్లగొండ జిల్లాల తియ్యటి బాయిని పాడు చేసినోడిని నేను మాఫ్ చెయ్యలేను, వాడు మనోడైనా సరే.

కాబట్టి డబ్బులు తక్కువైతే ఆఫీసు గది చిన్నగ కట్టు, మురుగునీళ్లు శుద్ధి చేసే ఈటీపీ మాత్రం చిన్నగ కట్టకు. నానబెట్టిన నీళ్లు పోయే కాలువ నుంచి ఆఖరి ట్యాంకు దాకా అడుగు గట్టిగ ఉండాలె. శుద్ధి చేసిన నీళ్లు పొలానికి పెట్టాలంటే బీవోడీ, అంటే నీళ్లల్ల కుళ్లే సరుకు ఎంతున్నదో చెప్పే కొలత, లీటరుకు 100 మిల్లీగ్రాములు దాటొద్దు, వాగులకు వదలాలంటే 30. కంప్లయింట్ వచ్చినంక గాదు, ముందుగాలనే ల్యాబుకు పంపించి రిపోర్టులు ఫైలు చేసిపెట్టు. సీఎఫ్ఓ గడువు తారీఖు క్యాలెండర్ మీద పెద్దగ రాసి పెట్టుకో.

బూడిద ఇంకో లొల్లి. వంద టన్నుల వడ్లకు ఇరవై టన్నుల ఊక, ఆ ఊక కాలిస్తే నాలుగు టన్నుల దాకా బూడిద. తేలికది, గాలికి లేచి పక్కోళ్ల పత్తి మీద, ఆరేసిన బట్టల మీద పడ్తది. పొగగొట్టానికి బూడిద పట్టే సైక్లోన్ పెట్టించు, బూడిద తడిపి కప్పి పెట్టు, ఇటుక బట్టీలోళ్లతోని ముందే మాట్లాడుకో. రోడ్డు పక్కన పోసే ట్రాక్టరోడు అగ్గువకు వస్తడు, వానికి ఇయ్యకు.

అల్లుడితోని కొట్లాడకు. అప్పు వడ్డీ మీద ఉన్నది, ఆయన తొందర నాకు అర్థమైతది. ఈ ఉత్తరం ఆయనకు చదివి వినిపియ్యి, సేటు సంగతి రెండుసార్లు చదువు. నువ్వు చిన్నప్పుడు లెక్క తప్పితే పలక తుడిచి మల్ల మొదటి నుంచి చేసేదానివి, ఎవరు చెప్పినా మధ్యల నుంచి చెయ్యకపోయేదానివి. ఆ మొండితనం నాకు అప్పుడు కోపం తెప్పించేది, ఇప్పుడు దాని మీదనే నా ధైర్యం.

పునాది ఆపు. వాన పడ్డ తెల్లారి నన్ను ఆ జాగకు తీసుకపో. మోకాళ్లు నొస్తయని ఇంట్ల కూర్చోబెట్టకు, కట్టె పట్టుకొని నడుస్త. నీళ్లు ఏ దిక్కు పారుతున్నయో, కింద ఎవరి బాయి ఉన్నదో, చెరువు ఎంత దూరమో ఇద్దరం కలిసి చూద్దాం. అది చూసినంకనే ట్యాంకులు ఎక్కడ పెట్టాల్నో లేఅవుట్ల గీయించు. కన్సల్టెంట్‌ను కూడ ఆనాడే రమ్మను, ఆయనను నేను అడగాల్సినయి కొన్ని ఉన్నయి.

మీ అమ్మను మందులు ఆపొద్దని చెప్పు.

నీ మేనమామ