గంజాయిని లైసెన్సు షాపుల్లో అమ్మితే సమస్య తీరుతుందా?

మద్యం అమ్ముతున్నప్పుడు గంజాయి ఎందుకు అమ్మకూడదు, ప్రభుత్వమే లైసెన్సులిచ్చి పన్ను వేసుకుంటే దొంగ రవాణా ఆగిపోదా అని అడిగారు. నేను విశాఖలో ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల నిరోధక చట్టం) కేసులు చూసే లాయర్‌ని. ఎక్కువ భాగం లీగల్ ఎయిడ్ ద్వారా వచ్చేవే. షాపులు తెరవడానికి నేను ఒప్పుకోను. అలాగని ఇప్పుడున్న చట్టం ఇలాగే ఉండాలన్నా ఒప్పుకోను. ఈ రెండో మాట గురించే ఎక్కువ చెబుతాను, ఎందుకంటే దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ.

1985లో ఎన్‌డీపీఎస్ చట్టం వచ్చేదాకా మన దేశంలో పలుచోట్ల గంజాయి ఎక్సైజు లైసెన్సు మీద అమ్మిన సరుకే. ఇప్పుడు శిక్షంతా తూకం మీద ఆధారపడింది. కిలో లోపు ఏడాది వరకు జైలు. కిలో దాటి 20 కిలోల లోపైతే పదేళ్ల వరకు. 20 కిలోలు దాటితే కనీసం పదేళ్లు, గరిష్ఠం ఇరవై, పైన లక్ష నుంచి రెండు లక్షల జరిమానా. ఆ పదేళ్ల నుంచి ఒక్క రోజు తగ్గించే అధికారం కూడా ట్రయల్ కోర్టుకు లేదు.

ఆ 20 కిలోలతో దొరికేది ఎవరు? నా దగ్గరకొచ్చే ఫైళ్లలో పంట పెట్టుబడి పెట్టినవాడు ఉండడు, చెన్నైలోనో ముంబైలోనో సరుకు దించుకునేవాడు ఉండడు. చార్జిషీటులో వాళ్లు "పరారీలో ఉన్న ఏ3, ఏ4". ముందు పైలట్ బండిలో వెళ్లినవాడు చెక్‌పోస్టు చూడగానే ఫోన్ చేసి తప్పుకుంటాడు. దొరికేది వెనక బ్యాగులు మోసుకొచ్చే ఏజెన్సీ కుర్రాడు. ఈ చేరవేతకు ఐదు వేలు ఇస్తామన్నారని ఒకడు చెబితే, పది వేలని ఇంకొకడు చెప్పాడు. వీడి పాత్ర ఎంత, లాభం ఎంత అని చట్టం అడగదు. బ్యాగు ఎంత తూగిందనే చూస్తుంది.

ఆ తూకం సంగతి కూడా వినండి. చట్టంలో గంజాయి అంటే మొక్క పూత, కాయ కాసే కొసలు మాత్రమే. కొసలు లేని ఆకు, గింజ అందులోకి రావు. భంగు ఆకు ఈ చట్టం కిందకు రాకపోవడానికి కారణం అదే. కానీ నేను చూసిన పంచనామాల్లో కాడలు, ఆకులు, గింజలు అన్నీ కలిపే తూస్తారు. చింతపల్లి వైపు కుర్రాడి కేసులో అలా కలిపితే 22 కిలోల చిల్లర వచ్చింది. కాడలు తీసి తూస్తే 20 లోపే ఉండేదని నా నమ్మకం. ఆ వాదన ట్రయల్లో పనికొస్తుంది గానీ, బెయిల్ దశలో వినేవాళ్లు అరుదు.

ఎందుకంటే అక్కడ సెక్షన్ 37 అడ్డం ఉంటుంది. వాణిజ్య పరిమాణం, అంటే పైన చెప్పిన 20 కిలోల హద్దు దాటిన సరుకు అయితే, నిందితుడు నేరం చేయలేదని నమ్మడానికి సహేతుక కారణాలున్నాయని జడ్జి అనుకుంటేనే బెయిల్. సాక్షుల విచారణ మొదలు కాకముందే అలా అనుకోవడం ఎలా సాధ్యం? పైగా సెక్షన్లు 35, 54 ప్రకారం, బ్యాగులో ఏముందో తనకు తెలియదని రుజువు చేసుకోవాల్సింది నిందితుడే. విచారణలో విపరీతమైన ఆలస్యం జరిగితే 37 అడ్డు రాకూడదని సుప్రీంకోర్టు 2023లో మహ్మద్ ముస్లిం కేసులో చెప్పింది. ఆ తీర్పు చూపించే ఈ కుర్రాడికి హైకోర్టులో బెయిల్ తెచ్చాం. తర్వాత జామీనుదారులు కావాలి. వాళ్ల నాన్న ప్లాస్టిక్ కవర్లో మడిచిన పోడు పట్టా తెచ్చాడు. అమ్మడానికి వీల్లేని భూమి జామీనుకు చెల్లదన్నారు. ఆయనకు తెలుగు అంతంత మాత్రం. ఏమన్నారో నేను మళ్లీ నిదానంగా చెప్పాక, ఆ పట్టాను అలాగే మడిచి కవర్లో పెట్టుకున్నాడు. జామీను దొరకడానికి మరికొన్ని నెలలు పట్టింది.

మరి ఇంత చూసి కూడా షాపులు ఎందుకు వద్దంటున్నానంటే, ఇంకో రకం వాళ్లు కూడా నా ఆఫీసుకి వస్తారు. ఇంజినీరింగ్ మధ్యలో ఆపేసిన కొడుకును వెంటబెట్టుకొచ్చే తల్లిదండ్రులు. రాత్రంతా నిద్రపోడు, ఎవరో వెంటపడుతున్నారంటాడు. చిన్న వయసులో మొదలుపెట్టి రోజూ గంజాయి తాగేవాళ్లకు మానసిక జబ్బు ముప్పు పెరుగుతుందన్నది డాక్టర్లందరూ ఒప్పుకున్న విషయమే. కెనడా 2018 అక్టోబరులో చట్టబద్ధం చేసినప్పుడు వయసు పరిమితి, సాదా ప్యాకింగ్, బయటకు వెళ్లేటప్పుడు 30 గ్రాములకు మించి దగ్గర ఉండకూడదనే హద్దు, ఇవన్నీ ముందే కట్టుదిట్టం చేసుకుంది. థాయ్‌లాండ్ 2022 జూన్‌లో సరైన చట్టం లేకుండానే తలుపులు తీసింది, వేల షాపులు వెలిశాయి. 2025లో మళ్లీ డాక్టర్ చీటీ ఉండాలని వెనక్కి లాగింది. మైనర్‌కు సిగరెట్ అమ్మకుండా ఆపలేని మన వ్యవస్థ థాయ్‌లాండ్ దారిలోనే పోతుందని నా భయం.

లైసెన్సులొస్తే ఏజెన్సీ రైతు బాగుపడతాడనే వాదన కూడా నేను నమ్మను. గోడౌను, ల్యాబ్, డిపాజిట్ ఉన్నవాడికే లైసెన్సు వస్తుంది, కొండ మీద ఎకరం ఉన్నవాడికి రాదు. 2021–22లో ఆపరేషన్ పరివర్తన పేరుతో వేల ఎకరాల తోటలు నరికేశారు, అనకాపల్లి దగ్గర దాదాపు రెండు లక్షల కిలోలు తగలబెట్టారు. కాఫీ, మిరియాలు వేసుకోమన్నారు. మంచిదే. కానీ కాఫీ కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది, గంజాయి ఆరు నెలల్లో చేతికొస్తుంది. ఆ మధ్య కాలం ఇల్లు గడిచే దారి చూపించకపోతే, తోట మానేసిన రైతు కొడుకే ఒడిశా సరుకు మోస్తూ దొరుకుతాడు.

నేను కోరేది ఇది. తాగేవాడికి జైలు తీసేసి వైద్యం ఇప్పించాలి. చికిత్సకు స్వచ్ఛందంగా వస్తే ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఇచ్చే సెక్షన్ 64ఎ ఇప్పటికే ఉంది, ఆ సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. మోసేవాడి శిక్షకు కనీసం పదేళ్లనే నిబంధన తొలగించి, ముఠాలో వాడి స్థానం ఏమిటో చూసి శిక్ష వేసే అధికారం జడ్జికి ఇవ్వాలి. తూకంలో కాడలు, ఆకులు వేరు చేయడం తప్పనిసరి చేయాలి. ఇవి పార్లమెంటు చేతిలో ఉన్న పనులు. మీ ఎంపీకి ఉత్తరం రాసే ఉద్దేశం ఉంటే, షాపుల కంటే ముందు సెక్షన్ 37 గురించి రాయండి.